సిరామిక్ బ్లేడుకు సాన: బెల్లం చెప్పే భౌతికశాస్త్రం

తోలు మీద పూలు, తీగలు చెక్కే ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది: ‘నా స్వివెల్ కత్తికి సిరామిక్ బ్లేడు వేయించాను. రోజూ ఎర్ర పాలిష్ రాసిన తోలుపట్టీ మీద రుద్దుతున్నాను. అయినా పదును పెరగదేం?’

పెరగదు, పెరిగే అవకాశమే లేదు. కారణం చూడబోతే మాత్రం నాకెంతో ఇష్టమైన చోటికి తీసుకువెళ్తుంది.

అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని షెరిడన్ పట్టణం గుర్రపు జీనుల మీద చెక్కే పూల అల్లికలకు పేరు పొందింది. అలాంటి పనికి వాడే పనిముట్టే స్వివెల్ కత్తి. చూపుడు వేలు పైనున్న కొక్కెంలో ఆనించి, మిగతా వేళ్లతో పిడిని తిప్పుతూ, తడిపిన తోలులో దాని మందంలో సగం లోతు వరకు గీస్తారు. ఆ తోలు చెట్టు బెరడులోని టానిన్లతో, అంటే వగరు పదార్థాలతో, శుద్ధి చేసినది. ఇనుము, తడి, టానిన్ కలిస్తే నల్లరంగు పుడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుప ముక్కల ఊట తగిలి నల్లగీత పడేది ఈ చర్య వల్లే. బట్ట మీద అది అందం, తోలు మీద మచ్చ. సిరామిక్‌లో ఇనుము లేదు కాబట్టి ఆ భయం లేదు. పైగా తడి తోలులో బ్లేడు పక్కలు పట్టుకోకుండా జారుతుంది. కొనేవాళ్లు కొనేది ఈ జారుడు కోసమే.

ఇక ఎర్ర పాలిష్. అది ఐరన్ ఆక్సైడ్, గట్టిదనాన్ని చెప్పే మోస్ కొలతలో సుమారు 6. బ్లేడు జిర్కోనియా అనే సిరామిక్‌ది అయితే 8కి పైనే. మెత్తనిది గట్టిదాన్ని గీయలేదు. మన బడుల్లో మోస్ పట్టికను ఎక్కాల్లా వల్లె వేయిస్తారు. ఒక గాజు ముక్క, ఒక మేకు, ఒక సుద్ద ఇచ్చి ఏది దేన్ని గీస్తుందో చూడమంటే పది నిమిషాల్లో తేలిపోయే విషయం. ఉక్కు బ్లేడు సంగతి వేరు. ఉక్కు వంగుతుంది. సాన పట్టినప్పుడు దాని అంచున లేచే సన్నని రేకును తోలుపట్టీ అటూ ఇటూ వంచి తీసేస్తుంది, ఒరిగిన అంచును నిలబెడుతుంది. మంగలి కత్తి రహస్యం చాలావరకు ఇదే. సిరామిక్‌కు రేకు లేవదు, అంచు ఒరగదు. ఊడితే చిన్న ముక్కగా ఊడుతుంది, అంతే. కాబట్టి మీ పట్టీ చేస్తున్నది తోలు జిగురును తుడవడమే. అదీ అవసరమే, మానకండి.

మరి పెళుసు వస్తువుకు పదును పెట్టడం ఎలా? బెల్లం అచ్చును రాయితో కొట్టండి, పెళ్లలుగా పగులుతుంది. అదే అచ్చును కత్తితో పల్చగా గీకండి, పగలకుండా మెత్తని పొరలుగా వస్తుంది. వస్తువు ఒక్కటే, తేడా లోతులో ఉంది. పదార్థాన్ని నలిపి జరపడానికి పట్టే శక్తి జరిగిన ఘనపరిమాణాన్ని బట్టి, అంటే లోతు ఘనాన్ని బట్టి ఉంటుంది. పగలగొట్టడానికి పట్టేది కొత్తగా తెరుచుకున్న తలాన్ని బట్టి, అంటే లోతు వర్గాన్ని బట్టి. లోతును సగం చేస్తే మొదటిది ఎనిమిదో వంతుకు, రెండోది నాలుగో వంతుకు పడిపోతుంది. ఇలా తగ్గించుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట పగలడం కంటే జరగడమే చౌక అవుతుంది. ఆ గీత దాటి లోపలికి వస్తే గాజు కూడా లోహంలా ప్రవర్తిస్తుంది.

ఆ గీత ఎక్కడుందో 1991లో బిఫానో, డౌ, స్కాటర్‌గుడ్ అనే పరిశోధకులు ఒక సూత్రం ఇచ్చారు. స్థితిస్థాపక గుణకాన్ని, అంటే పదార్థం సాగకుండా ఎంత బిగువుగా ఉంటుందో చెప్పే అంకెను, కాఠిన్యంతో భాగించండి. పగుళ్లను తట్టుకునే దృఢత్వాన్ని కాఠిన్యంతో భాగించి వర్గం చేయండి. రెండింటి లబ్ధాన్ని 0.15తో గుణించండి. జిర్కోనియాకు సుమారుగా గుణకం 210 గిగాపాస్కల్స్, కాఠిన్యం 12.5 గిగాపాస్కల్స్, దృఢత్వం 6 (మెగాపాస్కల్ × √మీటరు) అనుకుంటే అర మైక్రాను పైచిలుకు వస్తుంది (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మరో సిరామిక్ అయిన అల్యూమినాకు అదే వరుసలో 390, 18, 3.5 వేస్తే మైక్రానులో ఎనిమిదో వంతే. బెల్లానికి కంటికి కనబడే మందం, వీటికి సూక్ష్మదర్శిని కావాలి.

జిర్కోనియా ఈ పోటీలో గెలవడం వెనుక ఒక గమ్మత్తు ఉంది. 1975లో ఆస్ట్రేలియాలో గార్వీ, హానింక్, పాస్కో అనే శాస్త్రవేత్తలు చూపించినది ఇదే: పగులు మొన దగ్గర ఒత్తిడి తగలగానే జిర్కోనియా స్ఫటికాలు రూపం మార్చుకుని సుమారు 4 శాతం ఉబ్బుతాయి, పగులును నొక్కిపట్టి మూసేస్తాయి. అయితే నొక్కిపట్టడానికి చుట్టూ పదార్థం ఉండాలి. వాదర చివర కొద్ది స్ఫటికాలే మిగిలినచోట ఈ కాపలా పనిచేయదు. అందుకే జిర్కోనియా బ్లేడు మధ్యలో ఎంత గట్టిగా ఉన్నా మూలల దగ్గర రాలుతుంది. స్వివెల్ కత్తికి ఎక్కువ పని మూలతోనే.

ఇప్పుడు పనిలోకి వద్దాం. వజ్రం పొడి అంటించిన పలకలు గానీ ఫిల్ములు గానీ వాడండి. నీళ్లు చిలకరించండి, దుమ్ము లేవకూడదు. కోణం నిలిపే చక్రాల గైడు ఉంటే మంచిది. వాలు తలానికి మార్కర్ పూసి రెండు మూడు సార్లు లాగితే, రంగు ఎక్కడ పోయిందో చూసి కోణం తెలుసుకోవచ్చు. వజ్రపు రేణువు ఎంత పెద్దదన్నది సగం కథే. అది ఎంత లోతు దిగుతుందో మీ చేతి బరువు నిర్ణయిస్తుంది. గరుకు పలక మీద గట్టిగా నొక్కితే రాయితో బెల్లం కొట్టినట్టే. చివరి దశలో 1 మైక్రాన్ వజ్రపు పేస్టును చదునైన గట్టి చెక్క మీద రాసి, బ్లేడు బరువుకు మించి నొక్కకుండా, అంచు వెనక్కి ఉండేలా లాగండి. మెత్తని తోలుపట్టీ లోపలికి కుంగి అంచును గుండ్రం చేస్తుంది.

‘సిరామిక్‌కు జన్మలో సాన అక్కర్లేదు’ అన్న ప్రచారం కూడా ఒక మూఢనమ్మకమే. ఆయుధ పూజనాడు బ్లేడుకు పసుపు పెట్టుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు, తోలును తాకించే ముందు మాత్రం తుడవండి. మామూలు రోజుల్లో ఒక తోలు ముక్కను తొడుగుగా చుట్టి పెట్టండి. బ్లేడు తోలులో లోతుగా దిగి ఉండగా పక్కకు ఒరగనివ్వకండి. మలుపు తిప్పేటప్పుడు ఒత్తిడి తగ్గించండి.

మూల ఊడితే మాత్రం ఓపిక కావాలి. 0.2 మిల్లీమీటర్ల ముక్క పోయిందంటే 200 మైక్రాన్లు తీయాలి, అది గరుకు పలకతోనే సాధ్యం. గరుకు పలక పైకి కనిపించే గీతల కిందకు కూడా పగుళ్లు దింపుతుంది. తర్వాతి పలకతో గీతలు పోయేదాకా రుద్ది ఆపేస్తే ఆ పగుళ్లు లోపలే ఉండిపోతాయి, మొదటి వంకర గీతలోనే మూల మళ్లీ ఊడుతుంది. గీతలు మాయమయ్యాక, అంతకు పట్టిన సమయమే మళ్లీ రుద్దండి.