బాల్యం "కన్‌స్ట్రక్ట్" అంటే ఉత్తుత్తిది అని కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

డిగ్రీ పిల్లలకి సోషియాలజీ చెప్తుంటాను. "బాల్యం ఒక సోషల్ కన్‌స్ట్రక్ట్" అని బోర్డు మీద రాశానో లేదో, వెనక బెంచీ నుంచి "అంటే సార్, మేం చిన్నప్పుడు పిల్లలం కాదా" అని వస్తుంది, ప్రతి బ్యాచ్‌లో. పోనీ తెలుగులో చెబుదామంటే సామాజిక నిర్మాణం అనాలి, అది చూసి స్ట్రక్చర్ అనుకుంటారు, నిర్మితి అన్నా అదే తంటా, అందుకే కన్‌స్ట్రక్ట్ అనే కానిచ్చేస్తున్నా, ఏమనుకోకండి. మనుషులు కలిసి తేల్చుకుని పెట్టుకున్న భావన అని దానర్థం.

అపోహ: కన్‌స్ట్రక్ట్ అంటే కల్పితం.

వాస్తవం: పాలపళ్ళు ఊడటం, ఎత్తు పెరగడం ఒంటి పని, దాన్నెవరూ కాదనట్లేదు. కానీ వాడు ఎన్నేళ్ళ దాకా పిల్లాడు, వాడితో ఏం చేయించొచ్చు ఏం చేయించకూడదు అన్నది మనుషులు తేల్చుకున్నదే. రైలెక్కి చూడండి, 5 నుంచి 12 లోపు అయితే హాఫ్ టికెట్, అదీ 2016 ఏప్రిల్ నుంచి బెర్తు కావాలంటే ఫుల్ చార్జీ కట్టాలి. 13 ఏళ్ళోడు రైలుకి పెద్దోడు, అదే వాణ్ణి మెకానిక్ షెడ్డులో పనికి పెడితే 14 నిండలేదని ఓనర్ మీద కేసు. 17 ఏళ్ళోడి సంగతి ఇంకా తమాషా, పోక్సో చట్టానికి పసివాడే, ఉచిత విద్య హక్కు మాత్రం 14తో సరి, మరీ ఘోరమైన నేరం చేస్తే 2015 జువెనైల్ చట్టం ప్రకారం పెద్దవాళ్ళలాగే విచారణ కూడా జరగొచ్చు. ఇవన్నీ మనం గీసుకున్న గీతలే, అయినా వాటి మీద ఆధారపడే జనం జైలుకెళ్తున్నారు కదా, ఉత్తుత్తివి ఎలా అవుతాయి?

అంతెందుకు, ఆడపిల్ల 12 ఏళ్ళకి రజస్వల అయితే "పెద్దమనిషి అయింది" అంటాం. మగపిల్లాడికి అలాంటి రోజంటూ లేదు, మీసాలొచ్చినా వాళ్ళమ్మకి చంటోడే.

అపోహ: మధ్యయుగాల్లో తల్లిదండ్రులకి పిల్లల మీద ప్రేమే లేదని ఫ్రెంచి చరిత్రకారుడు ఫిలిప్ ఆరియెస్ నిరూపించాడు.

వాస్తవం: ఆయన 1960లో ఫ్రెంచిలో రాసింది అది కాదు. బాల్యం అనే ప్రత్యేకమైన భావన అప్పట్లో లేదన్నాడు, పిల్లల్ని గాలికొదిలేశారని కాదు అని అక్కడే చెప్పుకున్నాడు కూడా. ఆ మాట మీదా తర్వాత లిండా పొలాక్, నికొలస్ ఓర్మ్ లాంటి చరిత్రకారులు గట్టిగానే విరుచుకుపడ్డారు. పరీక్షల గైడ్లలో మాత్రం ఇప్పటికీ ప్రేమే లేదన్న ఆ ఒక్క వాక్యమే తిరుగుతోంది.

అపోహ: మన పాతకాలంలో బాల్యం బంగారం, ఇప్పుడే పాడైంది.

వాస్తవం: ఎవరి బాల్యం అండీ? కన్యాశుల్కం తొలి కూర్పుకి గురజాడ ఇంగ్లిష్‌లో రాసిన ముందుమాట చదవండి. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళ (పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకునేవి) జాబితా తీస్తే 1034 తేలాయి, అందులో పెళ్ళికూతుళ్ళు ఐదేళ్ళవాళ్ళు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు! ఎనిమిదేళ్ళకి గౌరి, తొమ్మిదికి రోహిణి, పదికి కన్య అని శ్లోకం, పది దాటాక పిల్ల అనే లెక్కే లేదు. 1929లో బాల్యవివాహాల్ని ఆపడానికొచ్చిన శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళికి 14 అంది, అది 18 అయ్యేసరికి 1978 వచ్చింది.

అపోహ: అన్నీ కన్‌స్ట్రక్టే కాబట్టి పిల్లలు పనిచేయడం మన కల్చర్, తప్పు పట్టకూడదు.

వాస్తవం: ఇది వింటే నాకు ఒళ్ళు మండుతుంది, అదీ చదువుకున్నవాళ్ళ నోటి నుంచి. మనుషులు కట్టిందయితే మనుషులు మార్చగలరని అర్థం, ముట్టుకోకూడదని కాదు. అమెరికాలో 1870ల నుంచి 1930ల లోపల పిల్లలు సంపాదించి పెట్టే చేతుల నుంచి వెలకట్టలేని బిడ్డలుగా ఎలా మారారో సోషియాలజిస్టు వివియానా జెలైజర్ 1985లోనే రాసింది. మన దగ్గర రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు, దాన్ని నడిపిన శాంతా సిన్హా గారు, 1990ల మొదట్లో గొడ్ల దగ్గర జీతానికున్న పిల్లల్ని బడికి తెస్తుంటే "పేదోళ్ళ పిల్లలు పని మానేస్తే ఇల్లెట్లా గడుస్తది" అనేవాళ్ళకి కొదవే లేదు. వాళ్ళేమో బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికులే అన్నారు, ఇంట్లో తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగే పిల్లతో సహా. క్యాంపులు పెట్టారు, వయసుకి తగ్గ తరగతిలో చేరేలా చదువు అందించే బ్రిడ్జి కోర్సులు నడిపారు, అదే పేదోళ్ళు పిల్లల్ని పంపారు. మరి కల్చర్ ఏమైనట్టు? అయితే బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణలో సొంత కుటుంబ పనుల్లో బడయ్యాక సాయం చేయొచ్చని వెసులుబాటు పెట్టారు, అందులోంచి ఏమేం దూరిపోతున్నాయో పల్లెల్లో తిరిగేవాళ్ళకి తెలుసు.

అపోహ: బాల్యాన్ని కట్టేది పెద్దవాళ్ళే, పిల్లలు మైనపు ముద్దలు.

వాస్తవం: 1990ల నుంచి బాల్యం మీద పరిశోధించిన అలన్ ప్రౌట్, అలిసన్ జేమ్స్, కొర్సారో వాళ్ళు చెప్తున్నది ఇదే, పిల్లలు కూడా తమ లోకాన్ని తాము కడతారని. నేనైతే క్లాసులో కొర్సారో కంటే ముందు "ఆటలో అరటిపండు" అంటాను. మరీ చిన్నోణ్ణి ఆటలోకి రానిస్తారు, వాడు దొరికినా దొంగ అవ్వడు, అవుటూ అవ్వడు. ఆ రూల్ ఏ టీచరూ పెట్టలేదు, ఏ చట్టంలోనూ లేదు, వీధిలో ఎనిమిదేళ్ళ పిల్లలే పెట్టుకున్నారు. ఎన్నేళ్ళకి మిమ్మల్ని అరటిపండు నుంచి తీసేశారని అడిగితే క్లాసులో ఏ ఇద్దరూ ఒకటే వయసు చెప్పరు.