బొట్టు పెట్టి పిలవని గడప

చిన్నా, బుజ్జీ,

టోక్యో ఒలింపిక్స్ సెమీస్‌లో మన సింధుని ఓడించిన తై జు యింగ్‌ది తైవాన్ కదా, మరి పేరు పక్కన చైనీస్ తైపీ అని ఎందుకుంది తాతయ్యా అని అడిగారు. పేపర్లో 'తైవాన్‌కు గుర్తింపు ఇవ్వలేదు' అని రాస్తుంటారే, అదే కారణం. గుర్తుపట్టలేదని కాదర్రా. అది ఉందని అందరికీ తెలుసు, కానీ దాన్ని ఒక దేశమని నలుగురి ముందు ఒప్పుకోరు.

మా చిన్నమామయ్య వేరే కులం అమ్మాయిని చేసుకున్నాడు. పిన్ని పెళ్లికి అమ్మమ్మ ఊరంతా తిరిగి బొట్టు పెట్టి పిలిచింది, ఆ ఒక్క గడప తప్ప. కానీ ఏటా ఆవకాయ పెట్టగానే ఒక జాడీకి వాసెన కట్టి నా చేతికిచ్చి, 'వీధిలోంచి వెళ్లకు, పెరటి దారిన వెళ్లు' అనేది. అత్తయ్య జాడీ అందుకుని, చెయ్యి తుడుచుకుని, 'అమ్మ ఎలా ఉంది?' అని అడిగేది. పిలవనంత మాత్రాన మనుషులు లేకుండా పోరు, నాకది అప్పుడే తెలిసింది.

దేశాలదీ అంతే. 1949లో యుద్ధంలో ఓడిన చైనా పాత ప్రభుత్వం తైవాన్ చేరింది, బీజింగ్‌లో కొత్తది వచ్చింది. అసలు చైనా మేమంటే మేమని ఇద్దరూ పట్టుబట్టారు. ఇటు పిలిస్తే అటు పిలవకూడదు. మన దేశం ఆ డిసెంబర్ 30నే బీజింగ్ గడపకి బొట్టు పెట్టింది. 1971లో ఐక్యరాజ్యసమితి కుర్చీ కూడా బీజింగ్‌కే వెళ్లింది. అయినా 1995 నుంచి తైవాన్ రాజధాని తైపీలో మనకో ఆఫీసుంది. దాన్ని రాయబార కార్యాలయం అనరు, ఇండియా తైపీ అసోసియేషన్ అంటారు. పెరటి దారి అన్నమాట. ఆవకాయ జాడీలాగే ఫోన్లలో వేసే చిప్‌లు, చదువుకునే పిల్లలు, అన్నీ వస్తూ పోతూనే ఉంటాయి.

ఒకటి గుర్తుంచుకోండి: గుర్తింపు ఇవ్వకపోవడం వేరు, ఇచ్చింది రద్దు చేయడం వేరు. అమ్మమ్మ చేసింది మొదటిది. 1979లో తైవాన్‌ను వదిలి బీజింగ్ వైపు వెళ్లిన అమెరికా చేసింది రెండోది, పిలిచిన గడపకి పిలుపు మానేయడం. అది ఇంకా బాధ.

సింధు ఓడిన రోజే, 2021 జులై 31న, తైవాన్ కుర్రాళ్లు లీ యాంగ్, వాంగ్ చి లిన్ డబుల్స్ ఫైనల్లో చైనా జంటనే ఓడించి బంగారు పతకం గెలిచారు. ఆ వీడియో వెతికి చూడండి. పైకి వెళ్లేది వాళ్ల దేశం జెండా కాదు, పువ్వు బొమ్మ, ఐదు వలయాలు ఉన్న తెల్ల జెండా. అది పైకి వెళ్తున్నంతసేపూ ఆ ఇద్దరి ముఖాలే చూడండి. నాకేమనిపించిందో ఇప్పుడు చెప్పను, మీకేమనిపించిందో ముందు రాయండి.

మీ తాతయ్య