వీధి పేరు సర్కారు పేరయ్యేదెప్పుడు?

‘డౌనింగ్ స్ట్రీట్ స్పందించింది’ అని వార్త వస్తే, మాట్లాడింది బ్రిటన్ ప్రధాని ఆఫీసని వరంగల్‌లో పేపర్ చదివేవాళ్లకూ తెలుసు. నిజానికి అది 1680లలో జార్జ్ డౌనింగ్ అనే పెద్దమనిషి లాభం కోసం కట్టించిన ఇళ్ల వరస. కట్టడం కూడా నాసిరకమే. 1732లో రెండో జార్జ్ రాజు అందులో పదో నంబరు ఇంటిని, బ్రిటన్ తొలి ప్రధానిగా చెప్పుకునే రాబర్ట్ వాల్‌పోల్‌కు కానుకగా ఇవ్వబోయాడు. నాకొద్దు, నా పదవికి ఇవ్వండి అన్నాడాయన. ఖజానా మొదటి లార్డ్‌గా (ఇప్పుడు ప్రధానికే ఉండే పదవి అది) ఎవరొస్తే వాళ్లకే ఆ ఇల్లు. తలుపు మీది ఇత్తడి పలకపై ఇప్పటికీ ఆ పదవి పేరే ఉంటుంది. తర్వాత చాలామంది ప్రధానులు సొంత బంగళాల్లోనే కాపురమున్నా, ఇల్లు మాత్రం పదవిని అంటిపెట్టుకునే ఉంది.

హైదరాబాద్‌లో అలా కుదరలేదు. బేగంపేటలో సీఎం క్యాంపు ఆఫీసు ఉండేది. 2016లో అక్కడే ప్రగతి భవన్ వచ్చింది. ఏడేళ్లపాటు ఆ పేరంటే ప్రభుత్వమే. ప్రతిపక్షాలు మాత్రం అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఫాంహౌస్ ఉన్న ఎర్రవల్లిని చూపించి ‘ఫాంహౌస్ పాలన’ అనేవి. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారగానే ముందున్న ఇనుప కంచె తీసేశారు, అది ప్రజాభవన్ అయింది. కొత్త ముఖ్యమంత్రి అందులోకి మారలేదు, జూబ్లీహిల్స్ ఇంట్లోనే ఉండిపోయారు. ఇల్లు మనిషితో పోతుంటే వీధికి ఆ పేరెట్లా నిలుస్తుంది?

హన్మకొండ ఈ విషయంలో రాజధాని కంటే నయం. నిజాం కాలంలో వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలను కలిపి వరంగల్ సుబా అనేవారు. దాని పెద్ద అధికారి సుబేదార్. ఆయన బంగళా ఉన్న ప్రాంతమే సుబేదారి. సుబాలు పోయాయి, సుబేదార్లూ పోయారు. ఆ బంగళాలోకి కలెక్టర్లు వచ్చారు. అంటే అధికారం వేషం మార్చుకుందే తప్ప ఇల్లు మారలేదు. కాకపోతే డౌనింగ్ స్ట్రీట్‌లో వీధి పేరు పదవికి అంటింది, ఇక్కడ పదవి పేరే వీధికి అంటింది.

ఇక జిల్లా పేరంటారా, 2016లో వరంగల్ అర్బన్ అయింది, 2021లో హనుమకొండ అయింది. అదే 2021లో కొత్త సమీకృత కలెక్టరేట్‌ను ప్రారంభించింది మాత్రం సుబేదారిలోనే.