బొంబాయిలో ఉంటే ఊళ్లో పేరు పోతదా?

జనగణన డ్యూటీ మాట బయటికొచ్చిందో లేదో, మద్దూరు వైపు నుంచి ఫోన్లు మొదలు. “సారూ, మా పిల్లలు బొంబాయి పక్కన భివండిలో ఉన్నరు. రమ్మనాల్నా? లేకుంటే కార్డు కొట్టేస్తరంట గదా?”

కొట్టేయరు. రావద్దు. జనగణనకు, రేషన్ కార్డుకు సంబంధమే లేదు. 1948 జనగణన చట్టం ప్రకారం మీరు చెప్పిన వివరాలు రహస్యం, కోర్టులో సాక్ష్యంగా కూడా చెల్లవు.

ఈ టెన్షన్ ఎక్కడిదో నాకు తెలుసు. 2014 ఆగస్టు 19, సమగ్ర కుటుంబ సర్వే. అది రాష్ట్ర ప్రభుత్వం ఒక్కరోజులో చేయించిన సర్వే. ఆ రోజు ఇంట్లో లేకపోతే పథకాలు రావని మాట పాకింది. నేను వెళ్లిన ఓ ఇంట్లో కొడుకు రాత్రంతా బస్సులో నిలబడి వచ్చాడు. వాచిన కాళ్లతో గడపలో కూలబడ్డాడు. కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రి వారం కూలి కోశాడట. నేను ఫారం నింపడానికి పట్టింది పావుగంట.

జనగణన అలా కాదు. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా తిరిగాం. ఆ 20 రోజులూ ఊళ్లో లేనివాళ్లను ఊళ్లో రాయకూడదు, ఉన్నచోటే రాస్తారు. ఫిబ్రవరంటే మనోళ్లు బతుకుదెరువుకు వలసపోయే కాలమే. ఓ అవ్వ ప్లాస్టిక్ కవర్లోంచి తెల్లకార్డు తీసి “ఆరుగురం బిడ్డా, రాయి” అంది. ఒక్కరినే రాశాను. వీధి మలుపు తిరిగేదాకా తిట్టింది. ఆ ఐదుగురినీ నేను రాసి, పుణెలోనూ రాస్తే రెండుసార్లు లెక్కపడేవాళ్లు.

ఈసారి లెక్క 2027 మార్చి 1 నాటికి. తిరిగేది మళ్లీ ఫిబ్రవరిలోనే. సైట్ పక్కన రేకుల షెడ్డులో ఉన్నా మిమ్మల్ని రాయాలి. ఎవరూ రాకపోతే అక్కడే గట్టిగా అడగండి.

బియ్యం కోసం ఊరికి రావాలన్నదీ పాత మాటే. కేంద్ర ఆహార భద్రత కార్డుంటే మహారాష్ట్రలోనూ వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డయితే అక్కడ నడవదు, ముందే చూసుకోండి.

ఇక మన దగ్గర్నుంచి పోయేవాళ్లే గానీ వచ్చేవాళ్లు లేరనేవాళ్లు ఒకసారి మిర్యాలగూడ రైస్ మిల్లుకు పోయి, బస్తాలు మోసే హమాలీలతో మాట్లాడండి. వాళ్లలో బిహారోళ్లు కనిపిస్తారు. ఫిబ్రవరంతా ఇక్కడే ఉంటే వాళ్లను రాయాల్సిందీ మేమే.