తక్కువ కొంటే సన్యాసమేనా? అపోహలు - వాస్తవాలు

పాడైన వస్తువులు బాగుచేయడం నేర్పే వర్క్‌షాప్‌లు నడుపుతాను. ఇంట్లో అనవసరపు కొనుగోళ్లు తగ్గించుకోవాలనుకునే వాళ్లకు సలహాలూ ఇస్తుంటాను. మొదటిరోజు వచ్చేవాళ్ల మొహాలు చూడాలి, డాక్టరు పథ్యం రాసిస్తాడేమోనని భయపడుతూ కూర్చున్నట్టు ఉంటాయి. వాళ్ల నోట తరచూ వినే మాటలు కొన్ని చెబుతాను.

అపోహ: తక్కువ కొనడమంటే సరదాలన్నీ చంపుకోవడం.

వాస్తవం: నేను ముందుగా ఒక కాగితం ఇచ్చి, గత మూడు నెలల్లో కొన్నవన్నీ గుర్తున్నంతవరకు రాయమంటాను. చాలామంది ఐదారు రాసి ఆగిపోతారు. తర్వాత ఫోన్‌లో ఆర్డర్ల జాబితా తెరిచి, "ఇది కూడా నేనే కొన్నానా?" అని నవ్వేస్తారు. గుర్తే లేని వస్తువు ఇంకా సరదా ఏమిస్తుంది?

కొత్తొక వింత, పాతొక రోత అనే సామెత దీని గురించే. 1978లో అమెరికా మనస్తత్వవేత్త ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం లాటరీ గెలిచిన 22 మందిని మామూలు మనుషులతో పోల్చి చూసింది. గెలిచినవాళ్లు చెప్పుకోదగ్గంత ఎక్కువ ఆనందంగా ఏమీ లేరు. పైగా స్నేహితుడితో కబుర్లు, టీవీ చూడటం లాంటి చిన్న విషయాల్లో వాళ్లకు దొరికే సంతోషం మిగతావాళ్ల కంటే తక్కువగా ఉంది. 22 మందితో చేసిన అధ్యయనాన్ని పట్టుకుని అందరి గురించీ తేల్చేయలేం, నిజమే. కానీ నా కాగితం మీద కనిపించేదీ దానికి దగ్గరగానే ఉంటుంది.

అపోహ: పాతవి బాగుచేసుకోవడం టైమ్ వేస్ట్, కొత్తది కొంటే పోలా!

వాస్తవం: కొన్నిసార్లు పోతుంది కూడా. సర్క్యూట్ బోర్డు కాలిపోయి, విడిభాగం దొరకకపోతే నేనూ వదిలేయమనే అంటాను. కానీ అన్నీ అలాంటివి కావు.

ఒకాయన టేబుల్ ఫ్యాన్ పట్టుకొచ్చారు. స్విచ్ వేస్తే గుయ్యిమంటోంది, తిరగట్లేదు. పుల్లతో రెక్కను కాస్త తోస్తే తిరగడం మొదలుపెట్టింది. అలా తిరిగిందంటే అనుమానం ముందు కండెన్సర్ మీదే, అంటే మోటారు తిరగడం మొదలుపెట్టడానికి ఊతమిచ్చే చిన్న భాగం మీదే. ప్లగ్ తీయించి, వెనక మూత ఆయన చేతే విప్పించాను. పాత కండెన్సర్ పక్కలు ఉబ్బిపోయి ఉంది. దాని మీద రాసి ఉన్న విలువ చూసుకుని, అదే విలువ ఉన్నది కొత్తది వేసి రెండు వైర్లు కలిపారు. అరగంట పట్టింది. అందులో సగం, కిందపడ్డ స్క్రూ కోసం వెతకడానికే. ఫ్యాన్ తిరగ్గానే "ఇంతేనాండీ!" అన్నారు. మరుసటి వారం పక్కింటివాళ్ల ఫ్యాన్ కూడా మోసుకొచ్చారు. ఆయన మొహంలో ఎక్కడా త్యాగం కనపడలేదు, కాస్త గర్వం తప్ప.

మన చెయ్యి పడ్డ వస్తువుకు మన దృష్టిలో విలువ పెరుగుతుందని మైకేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఏరియలీ 2012లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. ఐకియా అనే ఫర్నిచర్ కంపెనీ విడిభాగాలుగా అమ్మే పెట్టెను సొంతంగా బిగించుకున్నవాళ్లు, ముందే బిగించి ఉన్నదానికన్నా దానికి ఎక్కువ ధర పెట్టడానికి సిద్ధపడ్డారు.

అపోహ: ముందు పర్యావరణహిత వస్తువులన్నీ కొనుక్కోవాలి.

వాస్తవం: ఇది వింటే నాకు నవ్వు, టెన్షన్ రెండూ వస్తాయి. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018 నివేదిక లెక్క ప్రకారం, మామూలు కాటన్ సంచి వాతావరణ ప్రభావం విషయంలో ఒక పల్చటి ప్లాస్టిక్ సంచితో సరితూగాలంటే కనీసం 52 సార్లు వాడాలి. మిగతా పర్యావరణ ప్రభావాలన్నిట్లోనూ సరితూగాలంటే దాదాపు 7,100 సార్లు. ప్లాస్టిక్ సంచులు సముద్రంలో చేరి చేసే హాని ఆ లెక్కలో లేదు, కాబట్టి ప్లాస్టికే మేలని దీనికి అర్థం కాదు. ఇంట్లో ఇప్పటికే పది గుడ్డ సంచులుంటే పదకొండోది వద్దు, అంతే. ఉచితంగా ఇచ్చినా సరే.

అపోహ: మొదలుపెడితే ఇంట్లో అందరూ మారాలి.

వాస్తవం: అక్కర్లేదు. మీ అల్మరాతో మొదలుపెట్టండి. పక్కవాళ్ల అల్మరా జోలికి వెళ్లి, వారం తిరక్కుండా గొడవపడి మానేసినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో నేనూ ఉన్నాను.