అనంతపురంలో రాక్ బ్యాండ్: మా మీదున్న అపోహలు, మాకున్న అపోహలు

నేను బేస్ గిటార్ వాయిస్తాను. పగలు ఎరువుల షాపులో లెక్కలు రాస్తాను. మా బ్యాండ్‌లో నలుగురం, అందరిదీ అనంతపురమే. పదకొండేళ్లయింది మొదలుపెట్టి. బంధువులు, కాలేజీ పిల్లలు మా గురించి అనుకునేవి కొన్ని, మా గురించి మేమే అనుకున్నవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఈ ఊళ్లో రాక్ ఎవరు వింటారప్పా?

వింటారు. టికెట్ కొని రారు, అది వేరే సంగతి. జాతరలో ఉరుము వాద్యాల మోతకు రాత్రంతా నిలబడిన జనానికి మా డ్రమ్స్ ఒక లెక్కా? ఒకసారి కాలేజీ ఫెస్ట్‌లో వాయించి దిగాక అక్కడి వాచ్‌మన్ తాత దగ్గరికొచ్చి, "తప్పెట కొట్టినోడు బాగా కొట్టినాడప్పా. మిగిలినోళ్లు రోంత తగ్గించింటే వాడు ఇంకా వినపడేవాడు" అన్నాడు. ఇంటికెళ్లి ఫోన్‌లో రికార్డింగ్ వింటే ఆయన చెప్పిందే నిజం. రెండు గిటార్లూ కలిసి డ్రమ్స్‌ని మింగేశాయి. ఆ వారం నుంచి గిటార్ యాంపుల (యాంప్లిఫయర్ల) వాల్యూమ్ తగ్గించాం.

మాకు వినేవాళ్ల కరువు లేదు, రెండో డ్రమ్మర్ కరువు. బెంగళూరులో డ్రమ్మర్ మానేస్తే నెల తిరక్కుండా ఇంకొకడు దొరుకుతాడు. 2018లో మావాడికి పుణెలో ఉద్యోగం వస్తే మేం పద్నాలుగు నెలలు ఆగిపోయాం. ఆ డ్రమ్ సెట్టు మీద వాళ్లమ్మ దుప్పటి కప్పి, పైన వడియాలు ఆరబెట్టింది. చిన్న ఊరి బ్యాండ్ కష్టం ఏంటని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ వడియాలే గుర్తొస్తాయి.

అపోహ: తెలుగు మెలోడీకే పనికొస్తుంది, రాక్‌కి కాదు

ఇందులో సగం నిజముంది. మనది అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష. ఇంగ్లిష్ మాట చాలాసార్లు హల్లు మీద టక్కున ఆగుతుంది, ఆ ఖాళీలో గిటార్ దూరుతుంది. తెలుగు మాట చివర అచ్చు ఉంటుంది కాబట్టి పాడేవాడికి దాన్ని సాగదీయాలనిపిస్తుంది. సాగదీస్తే సినిమా పాట అవుతుంది. మొదటి రెండేళ్లు మేం చేసింది అదే. వెనకాల డిస్టార్షన్ (గిటార్ గరగర), ముందు లాలిపాట.

దారి మా వీధి మాటల్లోనే దొరికింది. దిబ్బ, దెబ్బ, చుక్క లాంటి ద్విత్వాల దగ్గర నోరు ఒక క్షణం మూసుకుంటుంది. స్నేర్ డ్రమ్ మీద దెబ్బ పడాల్సింది అక్కడే. మా పాటలో ఒక లైను చూడండి: "ఎర్ర దిబ్బ, ఎండ దెబ్బ, ఎక్కడప్ప నీటి చుక్క". గురువు, లఘువు, గురువు, లఘువు. పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి. బ్లూస్ సంగీతం వాళ్లు షఫుల్ అని పిలిచే నడక ఇదే. స్కూల్లో హగణం అని మనకు బెత్తంతో నేర్పిన నడక కూడా ఇదే.

కదిరి దగ్గర కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. ఒకసారి అక్కడికి పోయొచ్చి, ఆటవెలది మీద పాట కట్టబోయాం. మొదటి పాదంలో మూడు సూర్యగణాలు మూడేసి మాత్రలతో హాయిగా నడుస్తాయి. తర్వాతి రెండు ఇంద్రగణాల్లో ఒక్కోదానికి నాలుగో ఐదో మాత్రలు. నడక అక్కడ కాలు తడబడినట్టు మారిపోతుంది. లయ మార్చి మార్చి వాయించే ప్రోగ్రెసివ్ రాక్ వాళ్లు తలలు పట్టుకుని కూర్చుని లెక్కలేసేది ఇలాంటి తడబాటు కోసమే. ఆ పాట ఇంకా పూర్తి కాలేదనుకోండి, అది మా చేతకానితనం. భాషది కాదు. పక్కన కేరళలో అవియల్ అనే బ్యాండ్ వాళ్లు మలయాళంలోనే రాక్ పాడి చూపించారు.

అపోహ: గోడకు కోడిగుడ్ల అట్టలు కొడితే శబ్దం బయటికి పోదు

రెండొందల అట్టలు కొట్టి మరీ తెలుసుకున్నాం. ఆ సాయంత్రమే పక్కింటి అక్క వచ్చి, "ఏం నాయనా, ఇల్లు పడగొడతాండారా?" అంది. అట్ట తేలికైన వస్తువు. గదిలో సింబల్స్ (డ్రమ్స్ పక్కన ఉండే లోహపు పళ్లేలు) గీరుడును కొంచెం పీల్చుకుంటుంది, అంతే. కాలితో కొట్టే కిక్ డ్రమ్‌నీ నా బేస్‌నీ ఆపాలంటే గోడకు బరువుండాలి, తలుపు కింద వేలెడు సందు కూడా ఉండకూడదు. అంత డబ్బు పెట్టలేక ఊరి బయట పాత వేరుశనగ గోదాము అద్దెకు తీసుకున్నాం. లోపల మోత తగ్గడానికి గోడల పొడవునా గోనె సంచులు మడతలు మడతలుగా వేలాడదీశాం. గోదాము వాచ్‌మన్‌ని పక్కన పెడితే, చుట్టుపక్కల కుక్కలు తప్ప ఎవరూ లేరు. అవి అలవాటు పడ్డాయి.

అపోహ: ఖరీదైన గిటార్, పెద్ద యాంప్ ఉంటే సౌండ్ అదే వస్తుంది

సౌండ్ ముందు ఎర్తింగ్‌లో ఉంటుంది. ఒక వినాయక చవితి పందిట్లో లైన్ కలపగానే స్పీకర్లలోంచి గుయ్‌మని ఒకటే మోత. 50 హెర్ట్జ్ కరెంటు పాడే పాట అది. మా గాయకుడు మెడలో గిటార్‌తో మైక్ దగ్గరికి వంగితే పెదవికి చురుక్కున షాక్ కొట్టింది. సౌండ్ సర్వీస్ అన్న ఎకో పెంచితే సరిపోతుందన్నాడు. (మన దగ్గర ప్రతి రోగానికీ ఎకోయే మందు.) జనరేటర్ వెనక్కి పోయి చూస్తే ఎర్త్ రాడ్డును ఎండిన గట్టి నేలలో జానెడు లోతున గుచ్చారు. పొడి నేల కరెంటును సరిగా దింపదు. రాడ్డును ఇంకా లోపలికి దిగ్గొట్టి, చుట్టూ ఉప్పు వేసి, మూడు బిందెల నీళ్లు పోశాం. షాక్ పోయింది, మోత ముప్పాతిక వంతు తగ్గింది. అప్పటినుంచి మా సామాన్లలో టెస్టరూ రెండు కిలోల ఉప్పూ ఉంటాయి.

గిటార్ ధర సంగతి కూడా ఇంతే. ఏప్రిల్లో ఇక్కడి పొడి గాలికి గిటార్ మెడ కర్ర కుంచించుకుపోయి ఫ్రెట్ల (మెడ మీది లోహపు గీతల) చివర్లు బయటికి పొడుచుకొచ్చి అరచేతికి గీరుకుంటాయి. గిటార్ ఎంత పెట్టి కొన్నారని కర్ర అడగదు.

అపోహ: యూట్యూబ్‌లో పెడితే డబ్బులొస్తాయి

ప్రకటనల డబ్బు రావాలంటే ముందు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ (లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్) ఉండాలి. సినిమా పాట కవర్ పెడితే, ఎన్ని వ్యూస్ వచ్చినా ఆ డబ్బు సాధారణంగా ఆడియో కంపెనీకే పోతుంది. స్పాటిఫైలో 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో 1,000 సార్లు వినని పాటకు రాయల్టీ లేదు. సొంత పాటలుంటే రాసినవాళ్లూ బాణీ కట్టినవాళ్లూ ఐపీఆర్‌ఎస్‌లో (వాళ్ల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ) సభ్యులుగా చేరండి. మేం ఐదేళ్లు ఆలస్యంగా చేరాం. పెళ్లి వేడుకలో సినిమా పాటలు వాయిస్తే కేసు పెడతారేమోనని చాలామందికి టెన్షన్. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ పెళ్లి ఊరేగింపులకు, పెళ్లికి సంబంధించిన వేడుకలకు మినహాయింపు ఇచ్చింది. హోటల్లో న్యూ ఇయర్ పార్టీకి ఆ మినహాయింపు లేదు.

అపోహ: ఊరు వదిలితేనే కెరీర్

గిరీష్ అండ్ ద క్రానికల్స్ సిక్కింలోని గ్యాంగ్‌టక్ నుంచి వచ్చిన రాక్ బ్యాండ్, అదేం మహానగరం కాదు. మాకు బెంగళూరు రెండొందల కిలోమీటర్ల పైచిలుకు, 44వ నంబర్ హైవే మీద నాలుగు గంటలు. దూరం సమస్య కాదు, లెక్క సమస్య. పోయిన ఏడాది అక్కడ ఒక షోకి 15,000 ఇచ్చారు. వ్యాన్ 8,500, తిండి 1,600, తీగలు, స్టిక్స్ 1,700. మిగిలిన 3,200లో తలా 800. తెల్లవారుజామున ఐదుకు ఇల్లు చేరాను, తొమ్మిదికి షాపు తెరిచాను. బెంగళూరులోనే ఉండిపోతే ఆ వ్యాన్ ఖర్చు ఇంటద్దెగా మారుతుంది, ప్రతి నెలా.

అపోహ: బ్యాండ్లు గొడవలతో విడిపోతాయి

మావాడు పుణె పోయినప్పుడు గొడవేం లేదు, మంచి జీతం ఉంది. బ్యాండ్ పేరు మాత్రం ముందే ఎవరిదో కాగితం మీద రాసుకోండి. ట్రేడ్‌మార్క్‌కి 41వ క్లాసులో (వినోద సేవలది) వ్యక్తి పేరు మీద ఆన్‌లైన్లో దరఖాస్తు చేస్తే ఫీజు 4,500.

అపోహ: చెవులకు అలవాటైపోతుంది

అలవాటు కాదు, పోతాయి. శబ్దం 85 డెసిబెల్స్ ఉంటే రోజుకు ఎనిమిది గంటలు హద్దు, పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగం అవుతుంది. 100 దగ్గర పావుగంట. నా ఎడమ చెవిలో రాత్రిళ్లు ఈల వినిపిస్తుంది, సింబల్ వైపు చెవి అది. ఇయర్‌ప్లగ్స్ కొనండి.

అపోహ: పెళ్లిళ్లయితే మానేస్తారు

ముగ్గురికి అయ్యాయి, మానలేదు. డ్రమ్మర్ ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ శుక్రవారం రాత్రి రైలెక్కుతాడు. గోదాము వాచ్‌మన్ మనవడు తొమ్మిదో తరగతి. వాడి కాలు కిక్ పెడల్‌కి ఈ మధ్యే అందుతోంది. రైలు లేటైతే ఆ శనివారం ప్రాక్టీసుకు వాడే కూర్చుంటాడు. ఫీజు ప్లేటు ఉగ్గాని, రెండు బజ్జీలు. ఈ మధ్య మూడు అడుగుతున్నాడు.