బాబ్‌క్యాట్ తీస్కోవాల్నా ట్రాక్టర్ తీస్కోవాల్నా: మా దిక్కు తిరిగే అపోహలు, అసలు సంగతి

మిర్యాలగూడ రైస్‌మిల్లులకు, చుట్టుపక్కల కోళ్ల షెడ్లకు మిషన్లు కిరాయికి తిప్పుత. మొదలు ట్రాక్టరే ఉండె, తర్వాత స్కిడ్ స్టీర్ లోడర్, అంటే ముందల బకెట్‌తోని ఎత్తిపోసే చిన్న బండి, తీస్కున్న. మా దగ్గర ఆ పేరు ఎవ్వరూ అనరు, ఏ కంపెనీదైనా బాబ్‌క్యాటే, జేసీబీ లెక్క. ఎవరో ఒకరు ఫోన్ చేసి "అన్నా ఏది కొనమంటవ్" అంటరు, అడిగేటప్పుడే సగం తప్పు లెక్కలు యేస్కొని వస్తరు, అందుకే ఒక్కసారే రాసి పెడుతున్న.

అపోహ: రెండూ 50 హెచ్‌పీ అయితే రెండూ ఒకటే పని చేస్తయ్

హెచ్‌పీ ఇంజిన్‌ది, అది ఎటు పోతదో చూడాలె. ట్రాక్టర్‌ల గేర్ల మీదికెల్లి సీదా పెద్ద చక్రాలకే పోతది, అందుకే కల్టివేటర్ అయినా వడ్ల ట్రాలీ అయినా లాగుడుల దానికి ఎదురు లేదు, ఎనక పనిముట్లను తిప్పే షాఫ్ట్, పీటీవో అంటరు, అది 540 ఆర్‌పీఎం మీద తిరిగితే రోటవేటర్ నడుస్తది. లోడర్‌ల ఇంజిన్ పంపులను తిప్పుతది, పంపుల ఆయిల్ పోయి మోటర్లను తిప్పుతది, మోటర్లు చైన్లతోని చక్రాలను తిప్పుతయ్. ఇంత చుట్టు తిరిగొచ్చేసరికి కొంత పవర్ వేడి కిందనే పోతది. కానీ ఎడమ చక్రాలు ముందుకు, కుడి చక్రాలు ఎనక్కి కొట్టి ఉన్నకాడనే గిర్రున తిరుగుతది చూడు, ఆ పని ట్రాక్టర్ తోని కాదు. అందుకే నేను ఫస్ట్ అడిగేది ఒక్కటే, నీది లాగే పనా, ఎత్తిపోసే పనా?

అపోహ: అది బిల్డింగ్ పనులకే, ఎవుసం మనిషికి ఎందుకు

అది పుట్టిందే పక్షుల షెడ్డుల. 1957ల అమెరికాల మిన్నెసోటా రాష్ట్రం రోత్‌సే అనే ఊర్ల కెల్లర్ అన్నదమ్ములు, టర్కీ కోళ్లు పెంచే ఒకాయన షెడ్డుల పెంట ఎత్తనీకి మూడు చక్రాల చిన్న లోడర్ చేసి ఇచ్చిన్రు, స్తంభాల నడుమ తిరగాలె, అది ఆయన బాధ. 1960ల నాలుగు చక్రాలది వచ్చింది, 1962ల బాబ్‌క్యాట్ పేరు పడ్డది. మన బ్రాయిలర్ షెడ్డుల గూడ అదే బాధ గదా, బ్యాచ్ దిగినంక ఊక కలిసిన ఎరువు గట్టిగ అట్ట కట్టి ఉంటది, పారలతోని తీస్తే ఎన్ని రోజులు పడ్తదో తీసినోళ్లకే తెలుసు. అయితే దుక్కికి మాత్రం పనికిరాదు. కరిగెట్లకు అసలే పోనియ్యకుర్రి, దిగబడ్డదంటే తీయనీకి మళ్ల ట్రాక్టరే రావాలె.

అపోహ: ట్రాక్టర్‌కు ముందల బకెట్ బిగిస్తే అదే లోడర్ అయితది

ఈ మాట నేను గూడ నమ్మిన, నమ్మి ఒక సీజన్ మొత్తం మిల్లుల ఊక అట్లనే ఎత్తిన. కుప్ప కాడికెల్లి బాయిలర్ తొట్టి దాంక ఇరవై అడుగులు ఉండదు. బకెట్ నింపుడు, ఎనక్కి వచ్చుడు, స్టీరింగ్ మొత్తం కోసుడు, మల్ల ముందుకు పోవుడు, ప్రతిసారి క్లచ్ తొక్కుడే, పొద్దుమీకేసరికి ఎడమ మోకాలు నాది కాదు. సీజన్ అయినంక విప్పి చూస్తే క్లచ్ ప్లేట్ నున్నగ అద్దం లెక్క అయింది. ఇంకొకటి, బకెట్ల బరువు లేస్తే ముందు యాక్సిల్ మీద పడ్తది, ఎనక చక్రాలు తేలికై పట్టు పోతది, అందుకే ఎనక లింకేజీకి బరువు కట్టాలె. టూ వీల్ డ్రైవ్ బండి ముందు యాక్సిల్ అంత బరువు రోజంత మోయనీకి చేసింది కాదు. రోజుకు గంట పని అయితే ముందల బకెట్టే చాలు, లక్షలు లోడర్ మీద పెట్టకుర్రి. పొద్దంత ఎత్తుడే ఉంటే మాత్రం లెక్క మారుతది.

అపోహ: బకెట్ల పట్టినంత ఎత్తొచ్చు

టైర్ల లోడర్‌కు కంపెనీ రాసిచ్చే బరువు, బండి ముందుకు బోర్ల పడే బరువుల సగం. 1400 కిలోలకు బోర్ల పడే బండికి 700 అని రాస్తరు. ఎండు ఊక ఎంత నింపినా ఏం కాదు, అదే బకెట్‌తోని తడి మట్టి ఎత్తిన్రంటే ఎనక చక్రాలు గాల్ల లేస్తయ్. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు ఎటు ఉన్నదో అటు పై దిక్కు పెట్టాలె. బకెట్ ఖాళీ ఉంటే బరువంత ఎనకనే, రివర్స్‌ల ఎక్కాలె, నిండుగ ఉంటే ముందుకే ఎక్కాలె. కొత్త డ్రైవర్లు ఇది ఉల్టా చేస్తరు.

అపోహ: టైర్లు జల్ది అరుగుతయ్ అంటే కంపెనీ మాల్ బాగలేదు

చక్రాలు స్టీరింగ్ తోని తిరిగేవి కావు, నేల మీద ఈడ్చుకుంటనే బండి తిరుగుతది, సిమెంట్ ఫ్లోర్ మీద అయితే రబ్బర్ కాలిన వాసన గూడ వస్తది. అరుగుడు దాని జాతకంలనే ఉన్నది. ఎర్ర చెల్కల అరుగుడు తక్కువ గానీ నేలను గీరి పెడ్తది. నేను చేసిన తప్పు ఒకటి చెప్త. ఎడమ ముందు టైర్ పోయిందని ఒక్కటే కొత్తది ఏసిన, ఎనకది పాతదే ఉంచిన. ఒక పక్క రెండు చక్రాలు చైన్లతోని ఒకే స్పీడుల తిరుగుతయ్, టైర్ సైజు తేడా వస్తే ఒకదాన్ని ఒకటి గుంజుకుంటయ్. కొన్ని రోజులకే చైన్ బాక్స్‌ల టక్‌టక్ చప్పుడు మొదలైంది, టైర్ పైసలు మిగిలినయనుకుంటే అవి మెకానిక్‌కు పోయినయ్. ఒక పక్కవి రెండూ ఒక్కసారే మార్చుర్రి, గాలి గూడ సమానం ఉంచుర్రి.

అపోహ: సీట్ బార్ పనికి అడ్డం, వైర్ కలిపేస్తే అయిపాయె

వద్దు. సీట్ బార్ అంటే డ్రైవర్ ఒడి మీదికి దిగే కడ్డీ. అది లేపితే బూమ్, అంటే బకెట్‌ను లేపే చేతులు, ఆగాలె, అదే దాని పని. డ్రైవర్ ఎక్కేది దిగేది ముందలికెల్లే, అంటే లేపిన బూమ్ కిందికెల్లే. వైర్ కలిపిన బండి నా దగ్గరికి రిపేర్‌కు వస్తే ఫస్ట్ అదే విప్పి పెడ్త, ఓనర్ తిట్టినా సరే.

అపోహ: రేట్లు దగ్గరదగ్గరనే గదా, ఏదైతేంది

షోరూమ్ రేట్ ఒక్కటే చూడకుర్రి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ మీద జీఎస్టీ 5 శాతం, లోడర్ మీద 18 శాతం. ట్రాక్టర్ ఊరు నుంచి ఊరికి తనే పోతది, పోతపోత ట్రాలీల కిరాయి గూడ గుంజుతది. లోడర్‌ను దూరం తీస్కపోవాల్నంటే డీసీఎం లారీ మాట్లాడాలె. యాసంగి వడ్లు మిల్లుకు వచ్చే రోజులల్ల దానికి తీరికనే ఉండదు, కానీ మిగిలిన నెలలు ఏం చేస్తవని కొనేటోళ్లను అడిగితే చానా మంది సప్పుడు చేయరు.

మిల్లులల్ల నడిపేటోళ్లకు ఒక మాట. ఊక దుమ్ము రేడియేటర్‌ల జొచ్చి ఆయిల్ వేడెక్కుతది, పొద్దున ఒకసారి, అన్నం తిన్నంక ఒకసారి గాలి కొట్టుర్రి, ఫ్యాన్ గాలి వచ్చే దిక్కుకు ఎదురు నుంచి కొట్టుర్రి, లేకుంటే ఊక ఇంకా లోపటికే పోతది.